మూడో రోజు పేజీ

శేషుబాబుకు ఒక జబ్బు ఉంది. ఎవరైనా తనను చూసి నవ్వితే ఎందుకు నవ్వాడంటాడు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటాడు. ఆ జబ్బును భద్రంగా వెంటబెట్టుకునే విమానమెక్కి ఇథియోపియా దాకా వెళ్ళాడు.

తీసుకెళ్ళింది మస్తాన్ మాస్టారు. బాపట్ల పక్కన ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కాగితాలు మడిచి లెక్కలు నేర్పడం ఆయన పద్ధతి. అది తమకూ నేర్పమని ఎక్కడెక్కడి కాలేజీల వాళ్ళో పిలుస్తుంటారు. శేషుబాబు ఆరేళ్ళుగా ఆయన సంచీ మోస్తూ, పక్కన నిలబడి చూస్తూ నేర్చుకున్నాడు.

ఈసారి కొండల మీద ఒక ఊళ్ళో, టీచర్లను తయారుచేసే కాలేజీలో నాలుగు రోజుల వర్క్‌షాపు. విద్యార్థులు ముప్పైమంది, వాళ్ళతోపాటు లెక్చరర్లు ఎనిమిదిమంది. వచ్చే నెల ఇంకో ఊళ్ళో కూడా ఇలాంటిదే ఉంది. మాస్టారికి మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. "ఇక్కడ పాఠం మావాడే చెబుతాడు, నేను వెనక కూర్చుంటాను. వచ్చే నెల ఒక్కడూ వెళ్ళగలడో లేదో నాలుగో రోజు మధ్యాహ్నానికి చెబుతాను" అని, ఏర్పాట్లు చూసే హిరుత్ అనే ఆవిడతో అతని ముందే అన్నారు. ఆరేళ్ళుగా శేషుబాబు ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

మొదటి రోజు పొద్దున్నే మాస్టారు అందరికీ తలా ఒక నోటుపుస్తకం పంచారు. తరగతిలో కళ్ళకు కనబడింది రోజూ రాసుకోమన్నారు, ఎవరి భాషలో వాళ్ళు. శేషుబాబు చేతిలోనూ ఒకటి పెట్టారు.

పాఠం ఇంగ్లీషులో మొదలైంది. శేషుబాబు కాగితాన్ని త్రికోణంగా కత్తిరించాడు. పై మూలను మడిచి అడుగు అంచుకు తాకించాడు. పక్క మూలలు రెండూ మడిచి దానికి చెరోవైపు చేర్చాడు. మూడు మూలలూ కలిసి అంచు మీద తిన్నగా కూర్చున్నాయి. మూడు కోణాలు కలిస్తే నూట ఎనభై డిగ్రీలని నోటితో చెప్పే పనే లేదు. పిల్లలు తమ కాగితాలు మడిచి చూసుకుని మురిసిపోయారు.

అప్పుడు వినబడింది. తలుపు పక్క కుర్చీలోంచి, ముల్లు గుచ్చుకున్నవాడిలా ఎవరో చప్పున ఊపిరి లోపలికి పీల్చారు.

ఆయన పేరు వర్కు. అరవై దాటిన లెక్చరరు, బూడిదరంగు కోటు. శేషుబాబు ఒక వాక్యం చెప్పగానే ఆ ఊపిరి, వెంటనే నోటుపుస్తకంలో పెన్ను కదలడం. ఎవరైనా అటుగా వెళితే పేజీ మీద అరచెయ్యి కప్పేసేవాడు. ఇంకేం, మనవాడి జబ్బుకు మంచి మేత దొరికింది. వాక్యానికొక తప్పు పడుతున్నాడనీ, అవన్నీ రాసి ప్రిన్సిపాలుకు ఇస్తాడనీ ఖాయం చేసుకున్నాడు.

ఆ సాయంత్రం శేషుబాబు తన పుస్తకంలో రాసుకున్నాడు: 'వర్కు. తలుపు పక్క. పొద్దుటి నుంచి నూట పదకొండుసార్లు. ఈ మనిషిని కనిపెట్టి ఉండాలి.' మర్నాడు ఇంకా రాశాడు: 'కిటికీ దగ్గర ఇద్దరమ్మాయిలు గుసగుసలు. నా గురించే. హిరుత్ వరండాలో వర్కుతో మాట్లాడుతూ, నన్ను చూసి ఆపేసింది. అందరూ ఒకటే.'

మూడో రోజు అతను కాగితం తియ్యనే లేదు. ఎవరూ వేలెత్తి చూపలేని పాఠం చెప్పాలనుకున్నాడు. సుద్దముక్క పట్టి, బోర్డు వైపు తిరిగి సమాంతర రేఖలు గీసి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బోర్డు నిండా నిరూపణ రాశాడు. ఒక్క తప్పు లేదు. తరగతిలో ఒక్క చప్పుడూ లేదు. తలుపు పక్క ఊపిరి కూడా వినబడలేదు. గెలిచాననుకున్నాడు పాపం.

సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో కాఫీ కాచే ఆవిడ చిన్న గిన్నెల్లో పోసిచ్చి, పక్కన జొన్నపేలాలు పెట్టింది. శేషుబాబు ఇక ఉండబట్టలేక కడుపులోదంతా కక్కేశాడు. వర్కు తనను గమనించడానికే వచ్చాడనీ, తను నోరు విప్పితే చాలు ముల్లు గుచ్చుకున్నట్టు ఊపిరి పీలుస్తాడనీ చెప్పాడు. మాస్టారు అంతా విన్నారు. విని, కాఫీ ఆవిడ వైపు తిరిగి ఇందులో చక్కెర వేశావా అని అడిగారు.

ఆవిడ చప్పున ఊపిరి లోపలికి పీల్చింది.

"తాగి చూడు," అన్నారు మాస్టారు.

శేషుబాబు తాగాడు. తియ్యగా ఉంది. ఇక్కడి వాళ్ళు అవునని చెప్పడానికి అలా ఊపిరి పీలుస్తారని అప్పటికి తెలిసింది. అతని మొహం కందిపోయింది. గుప్పెడు పేలాలు నమిలేంత సేపు నిజంగానే సిగ్గుపడ్డాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"సరే మాస్టారూ, ఊపిరి సంగతి వదిలేయండి. మరి ఆ పుస్తకం ఎందుకు దాస్తున్నట్టు? మన పద్ధతి అంతా ఎక్కించుకుని రేపు తన పేరుతో అచ్చు వేసుకుంటే?"

మాస్టారు ఇంకో గిన్నె కాఫీ పోయించుకున్నారు.

నాలుగో రోజు పొద్దున తరగతిలో మాస్టారే లేచారు. ఈ పూట పాఠం లేదు, ఎవరి పుస్తకం వాళ్ళు పక్కవాళ్ళకు ఇచ్చి చూసుకోండి అన్నారు. తలుపు పక్కకు నడిచి వర్కు ముందు చెయ్యి చాచారు. ఆయన కాస్త తటపటాయించి ఇచ్చాడు. మాస్టారు దాన్ని శేషుబాబు చేతిలో పెట్టి, శేషుబాబు పుస్తకం తీసుకున్నారు. తీసుకోవడం అంటే లాక్కున్నట్టే, అతను అంత గట్టిగా పట్టుకున్నాడు.

"మాస్టారూ, నాది తెలుగులో ఉంది."

"ఆయనది ఆయన భాషలో ఉంది," అన్నారు మాస్టారు. పుస్తకం వర్కుకు ఇచ్చి, ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

శేషుబాబు తెరిచాడు. రాత తక్కువ, బొమ్మలు ఎక్కువ. మొదటి రోజు పేజీలో రెండు చేతులు. కాగితాన్ని ఏ వేలు ఎక్కడ పట్టిందో, బొటనవేలు మడతను ఎటు నొక్కిందో, ఒకదాని పక్కన ఒకటి గీసి ఉన్నాయి. ఎడమ చూపుడువేలి మీది పాత మచ్చతో సహా అవి తన చేతులే. రెండో రోజు కూడా చేతులే. కొట్టేసి మళ్ళీ గీసి, మళ్ళీ కొట్టేసి గీసినవి. బొమ్మలు సరిగా రావనీ, ఎవరైనా చూస్తే సిగ్గనీ వర్కు ఇంగ్లీషులో సంజాయిషీ చెప్పుకున్నాడు. సొంతూరికి వెళ్ళి అక్కడి బడిపిల్లలకు చూపించాలట, మరిచిపోతానేమోనని గీసుకున్నాడట.

శేషుబాబు పేజీ తిప్పాడు. మూడో రోజు. చేతులు లేవు. చొక్కా కాలరు, దాని కింద ఒక వీపు. అంతే.

అతనికి ఆ పేజీ తిప్పబుద్ధి కాలేదు.

ఎదురుగా వర్కు తెలుగు పుస్తకాన్ని రెండు చేతులతో, బట్టతో తుడవబోయే అద్దంలా పట్టుకున్నాడు. ఒక్క అక్షరం రాకపోయినా ఒక్కో పేజీ ఓపిగ్గా చూస్తున్నాడు. చూసిన ప్రతి పేజీకి ఊపిరి పీలుస్తున్నాడు.

"చాలా రాశారే," అన్నాడు చివరికి. "మా గురించేనా?"

శేషుబాబు తల ఊపాడు.

"ఒక్క పేజీ చదివి వినిపించరా? మీ భాష ఎలా ఉంటుందో వింటాను."

పుస్తకం తిరిగి శేషుబాబు చేతికి వచ్చింది. మొదటి పేజీయే. మాస్టారు వెనక నుంచి తెలుగులో అన్నారు.

"చదువు అబ్బాయ్. ఆయనకు ఎలాగూ అర్థం కాదు."

శేషుబాబు నోరు తెరిచాడు. 'వర్కు' అన్న మొదటి మాట చదివాడు. తన పేరు విని ఆ పెద్దమనిషి ఆశగా ముందుకు వంగాడు. శేషుబాబు ఎంతసేపటికీ రెండో మాట చదవలేకపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పుస్తకం మూసేశాడు.

"నిన్న నేను పాఠం చెప్పలేదండీ," అన్నాడు. "ఇప్పుడు చెబుతాను."

వర్కు పుస్తకాన్ని మూడో రోజు పేజీ తెరిచే ఆయనకు తిరిగిచ్చి, కుర్చీ ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. ఒక కాగితం తీసుకుని మొదటి మడత వేశాడు, పెన్ను అందుకునేంత నెమ్మదిగా. పెన్ను ఆగితే చేతులు ఆపాడు. వీపు బొమ్మ పక్కన వేళ్ళు ఒక్కొక్కటే వచ్చి చేరుతున్నాయి. కిటికీ దగ్గరి అమ్మాయిలిద్దరూ లేచి వచ్చి దగ్గరగా నిలబడ్డారు. గుసగుసగా ఏదో అనుకున్నారు. శేషుబాబు తలెత్తలేదు.

మధ్యాహ్నం హిరుత్ వచ్చింది. వచ్చే నెలకు శేషుబాబు ఒక్కరే వెళ్ళగలరా అని మాస్టారిని అడిగింది.

"నన్ను కాదమ్మా," అన్నారు మాస్టారు. "మూడో రోజు పేజీ ఆయన దగ్గరుంది."

హిరుత్ అదే ప్రశ్న వర్కును అడిగింది. ఆయన పెన్ను ఆపలేదు. శేషుబాబు చేతుల మీంచి చూపు తిప్పకుండానే, చప్పున ఊపిరి లోపలికి పీల్చాడు.