ఖాసిం మాస్టారి తలుపు

హిమజ రాసిన ప్రోగ్రాముకు పుస్తకం పేజీ ఫొటో తీసి ఇస్తే గడగడా చదివి వినిపిస్తుంది. చూపులేని పిల్లలకోసం రాసింది. దాని లోపలి కోడ్ కూడా దాచకుండా ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండని ఇచ్చేసింది. మంచి మనసే. ముక్కుమీద కోపమూ ఉంది.

అంధుల బడి నుంచి రత్నకుమారి టీచరు మూడుసార్లు మెయిల్ పెట్టింది. "'లోపం జరిగింది' అని ఆగిపోతోందమ్మా." మూడుసార్లూ హిమజది ఒకటే జవాబు. "నా కంప్యూటర్లో బాగానే పనిచేస్తోంది. సూచనలు సరిగ్గా చదవండి." ఈ సాయంత్రం కూడా కుదరకపోతే పిల్లలకు ఇక ఆశ పెట్టనని నాలుగో మెయిల్లో టీచరు రాసింది.

హిమజకు ఏడుపొచ్చినంత పనైంది. తనకు ఈ విద్య నేర్పిన ఖాసిం మాస్టారికి ఫోన్ చేసింది. "సూచనలు చదవడం రానివాళ్ళకు ఏం చెప్పను మాస్టారూ?"

"ల్యాప్‌టాప్ పట్టుకుని రా. తలుపు తోసుకుని లోపలికి వచ్చెయ్," అన్నారాయన.

ఎప్పుడూ బార్లా తీసి ఉండే తలుపు ఆవేళ వేసి ఉంది. హిమజ తోసింది. కదల్లేదు.

"తలుపు తెరుచుకోలేదు," అన్నారు మాస్టారు లోపల్నుంచి.

"అది నాకూ తెలుస్తోంది. గడియ పెట్టారా?"

"తలుపు తెరుచుకోలేదు."

చున్నీ బిగించి, భుజం ఆనించి నెట్టింది. లోపల ఆయన తీరిగ్గా టీ జుర్రుతున్న చప్పుడు.

"ఏం చెయ్యాలో చెప్పరేం మాస్టారూ?"

"తలుపు తెరుచుకోలేదు."

అంతలో మాస్టారి భార్య జైబున్ కూరల సంచీతో వచ్చింది. పిడి పట్టుకుని, తలుపును కాస్త పైకెత్తి తోసింది. తెరుచుకుంది.

"కుంగిపోయింది కదమ్మా, ఎత్తి తొయ్యాలి. ఈయన చెప్పలేదూ?"

"నాకు రోజూ తెరుచుకుంటూనే ఉందిగా," అన్నారు మాస్టారు.

హిమజ గుమ్మంలోనే నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, అక్కడే చతికిలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. తనకే తెలియకుండా తను రోజూ ఎత్తి తోస్తున్నదేమిటో వెతికింది.

దొరికింది. అక్షరాలు గుర్తుపట్టడానికి తన ప్రోగ్రాము వేరేవాళ్ళు రాసిన ఇంకో చిన్న ప్రోగ్రాము మీద ఆధారపడుతుంది. రెండేళ్ళ కిందట దాన్ని తన కంప్యూటర్లో ఎక్కించుకుని మరిచేపోయింది. సూచనల్లో దాని ఊసే లేదు. ఇప్పుడు రాసింది. 'లోపం జరిగింది' అన్నమాట కొట్టేసి, ఏది లేదో, అది ఎక్కడ దొరుకుతుందో కనిపించేలా మార్చింది. టీచరుకు ఫోన్ చేసి, ముందు క్షమించమని అడిగింది.

అవతల టీచరు ఆ చిన్న ప్రోగ్రాము ఎక్కించుకునేదాకా, పావుగంట ఫోను చెవి దగ్గరే ఉంది. జైబున్ ఇచ్చిన టీ చల్లారిపోయింది.

"పిల్లలు ఏమంటున్నారు?" అడిగారు మాస్టారు.

హిమజ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, గొంతు తగ్గించింది.

"ఏమీ అనడం లేదు మాస్టారూ. వింటున్నారు."