పదహారు బిరుదులు, ఒక్క కూత

గుండ్లసీమను ఏలే వీరభూపతికి యుద్ధాలంటే పెద్దగా ఇష్టం లేదు కానీ చెడుగుడంటే ప్రాణం. ఏటా కార్తీకంలో పొరుగున ఉన్న ఏటిగడ్డ రాజ్యంతో పోటీ జరిగేది. మూడేళ్ళుగా గుండ్లసీమ జట్టు ఓడిపోతూనే ఉంది.

ఎందుకు ఓడిపోతోందో ఊళ్ళో అందరికీ తెలుసు. జట్టులో ఉన్నది ఏడుగురు. అందులో ఇద్దరు రాజుగారి బావమరుదులు. ఒకడికి పరుగు రాదు, రెండోవాడికి నిద్ర ఆగదు. ఆ ముక్క రాజుగారికి చెప్పే మొనగాడు లేడు. అందుకని తప్పంతా జట్టు గురువు కాటమ మీద పడింది.

ఆశ్వయుజం వచ్చింది. రాజు కొలువులో ప్రకటించాడు. "ఈసారి జట్టుకి కొత్త గురువు కావాలి!"

మర్నాడే ప్రచండపాణి దిగాడు. పైదేశం మనిషి, మీసం పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. పదహారు బిరుదులు చదివించుకున్నాకే కూర్చున్నాడు. వెంట పదకొండు మంది ఉపగురువులు.

"ఇంతమంది ఎందుకు?" అన్నాడు రాజు.

"ఒకడు ఊపిరికి, ఒకడు తొడ కొట్టడానికి, ఒకడు గుడ్లురమడానికి ప్రభూ. అదిగో, ఆ చివరివాడు ఓటమికి కారణాలు చెప్పడంలో దిట్ట."

రాజు మురిసిపోయాడు. ఏడుగురు ఆడితే పన్నెండు మంది నేర్పుతారట! ఇంతటి వైభవం ఏటిగడ్డలో ఎక్కడిది?

కాటమ ఓ మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా ఆ బరిలోనే బతికినవాడు, అరవై దాటినవాడు. బరి పోతే అతనికి మిగిలేదేమీ లేదు. "మీ చిత్తం దొరా. పిల్లల్ని మాత్రం బాగా చూసుకోమనండి" అన్నాడు. ఆ మాట రాజుగారికి తాంబూలం అందించే తిప్పన చెవిన పడింది.

"ప్రభూ, చిన్న మనవి" అన్నాడు తిప్పన. "చెడుగుడుకి కూతే కదా ప్రాణం! గుక్క తిప్పుకోకుండా ఎవరు ఎక్కువసేపు కూత పెడితే వాళ్ళే గురువు. కూత తెగిందా, బయటికి."

"ఈ ముసలాయనతోనా నాకు పోటీ?" అని ప్రచండపాణి నవ్వాడు. రాజుకి మాత్రం తమాషా నచ్చింది. అందరూ పెరటి బరి దగ్గరికి కదిలారు. లెక్కకి తిప్పన తమలపాకులు పట్టుకున్నాడు. కూత సాగినంతసేపూ ఒక్కో ఆకే పళ్ళెంలో వేస్తాడు.

ముందు కాటమ గీత దాటాడు. "చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

ప్రచండపాణి ఊరుకోలేదు. "ఏం ముసలాయనా, మీ కోడలు పొద్దున గంజి పోయలేదా? పీలగా ఉంది కూత!" అని అరిచాడు. ఉపగురువులు పదకొండు మందీ కలిసి ఇకిలించారు.

"ఇదేం పద్ధతి?" అన్నాడు రాజు.

"బరిలో ఇవన్నీ మామూలే ప్రభూ. ఎవరేమన్నా కూత తెగనివాడే ఆటగాడు" అన్నాడు ప్రచండపాణి.

కాటమ వినిపించుకోలేదు. నలభై ఆకులు పడ్డాక దగ్గు తెరతో ఆగిపోయాడు.

తర్వాత ప్రచండపాణి వచ్చాడు. నిజం చెప్పాలి, మనిషి దమ్మున్నవాడే. పది ఆకులు, ఇరవై, ముప్పై. కూత ఖంగుమంటూనే ఉంది. ముప్పై అయిదు. కాటమ తల దించుకుని మెడలోని బరి తువ్వాలు తీసేశాడు, కొత్త గురువుకి అప్పగించాలి కదా.

ముప్పై ఎనిమిదో ఆకు వేస్తూ తిప్పన పక్కనున్న రాయసకాడి వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "రాసుకోవయ్యా! గెలిచినవారు ప్రచండపాణిగారు. వారికి మొత్తం పద్నాలుగు బిరుదులు..."

"పదహారు!"

మీసం మీదికి వెళ్ళిన ప్రచండపాణి చెయ్యి అక్కడే ఆగింది.

"తెగింది కూత!" అని పళ్ళెం పైకెత్తాడు తిప్పన. "ముప్పై ఎనిమిది!"

"మోసం! నా బిరుదులు తగ్గించి చెప్పాడు!"

"బరిలో ఇవన్నీ మామూలేనని తమరే సెలవిచ్చారు. కాటమను కోడలు గంజి పోయలేదా అంటే కూత తెగలేదు. తమకు రెండు బిరుదులు తగ్గితేనే తెగింది. ఏటిగడ్డ వాళ్ళు ఒక్కటి కూడా మిగల్చరు స్వామీ!"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదంటే ఇదే! కాటమా, ఆ తువ్వాలు మళ్ళీ మెడలో వేసుకో. బరి నీదే."

కాటమ కళ్ళు తుడుచుకున్నాడు, అదే తువ్వాలుతో.

ప్రచండపాణి పరివారం మూటలు సర్దుకుంటోంది. రాజు తన చేతి కడియం తీసి తిప్పనకు తొడిగాడు. "ఇంకేమైనా అడగవోయ్!"

తిప్పన వినయంగా వంగాడు. "ప్రభూ, అందరినీ పంపెయ్యండి. ఆ చివరి ఉపగురువుని మాత్రం కార్తీకం దాకా ఉంచుకుందాం."

"ఎవణ్ణి? ఓటమికి కారణాలు చెప్పేవాణ్ణా? వాడెందుకు?"

"బావమరుదులుగారు ఇద్దరూ ఇంకా జట్టులోనే ఉన్నారు కదా ప్రభూ!"

రాజు ఓసారి బరి పక్కన కూర్చున్న బావమరుదుల వైపు చూశాడు. ఒకడు ఆవలిస్తున్నాడు. రెండోవాడు అప్పటికే నిద్రపోయాడు.

"వాణ్ణి కూడా పంపించెయ్యండి!" అన్నాడు రాజు నవ్వాపుకోలేక. "వాడితో పాటు ఈ ఇద్దరినీ!"