ఎర్రయ్యమ్మ తెచ్చిన బాతుల పాట

కాళ్ళు ముడుచుకుని కుదురుగా కూర్చోండి. ఆ చివరాయన ఆవలింతలు ఆపితే మొదలుపెడతా. రాజుగారి కథ కావాలంటే పక్కింటికి పోండి, నా దగ్గర లేదు. నాది వడ్లు దంచుకుని బతికిన మనిషి కథ.

అనగా అనగా, మీ తాతల తాతలు కూడా పుట్టకముందు, ఏటిగట్టు మీద పడవలపేట అని ఒక పల్లె. మగవాళ్ళు పడవలు నడిపేవారు, ఆడవాళ్ళు వడ్లు దంచేవారు. ఆ పల్లెలో ఒక ఆచారం ఉండేది. పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్లనీ పిల్లాణ్ణీ పెద్దలు అడిగేవారు, "నీకే పాటంటే ఇష్టం?" అని. వాళ్ళు ఏది చెబితే ఆ పాట వాళ్ళకి కట్టేసేవారు. ఇక అంతే. పండక్కి అదే పాట. జబ్బు చేస్తే అదే పాట. పోయే ముందు నోట్లో నీళ్ళు పోసేటప్పుడూ అదే పాట. మార్చుకుంటానంటే ఊరు ఊరుకునేది కాదు.

పడుచుతనంలో నచ్చిన పాట పళ్ళూడాక కూడా నచ్చుతుందా అని ఒక్కడూ అడగలేదు. మీరు చిన్నప్పుడు మట్టి తినేవారు. ఇప్పుడు పెడితే తింటారా? వాళ్ళకి ఆ మాత్రం తట్టలేదు, ఏం చేస్తాం.

ఆ పల్లెలో ఎర్రయ్యమ్మ అని ఒకావిడ. అందమా, అంతంత మాత్రం. ఆస్తా, ఒక్క రోకలి. గొంతా, అబ్బో, అడక్కండి! ఆవిడ పాట ఎత్తుకుంటే అరుగు మీద కుక్క లేచి వీధి చివరికి పోయేది. కానీ పంతం మాత్రం ఉంది. ఎర్రయ్యమ్మ పట్టిందంటే పట్టిందే.

ఆవిడ అత్తగారు భూలోకమ్మ. తల్లి లేని పిల్లని కోడలిగా తెచ్చుకుని, తల దువ్వి, ముద్దలు కలిపి పెట్టి పెంచిన మనిషి. ఎర్రయ్యమ్మకి అమ్మన్నా అత్తన్నా ఆవిడే. ఒక ఏడు ఆ భూలోకమ్మ మంచం పట్టింది. ముందు పలకడం మానేసింది. తర్వాత తినడం మానేసింది. గంజి తెస్తే పళ్ళు బిగించి గోడవైపు తిరిగిపోయేది. గంజి దిగకపోతే మనిషి దక్కదని అందరికీ తెలుసు.

"మా అత్త గంజి తాగాలి," అంది ఎర్రయ్యమ్మ. అంది కదా, ఇక పట్టిందంటే పట్టిందే.

ఊరిపెద్ద వీరాస్వామి వచ్చాడు. "ఆవిడకి కట్టిన పాట పాడండి. అదే తాగుతుంది," అన్నాడు. ఆడవాళ్ళంతా మంచం చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ అందుకున్నారు.

"పడవొచ్చె పడవొచ్చె, పసుపు తెరచాప పడవొచ్చె,
రేవంతా ఎదురెళ్ళె, నా రాజు దిగివచ్చె!"

భూలోకమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుంది. గంజి చల్లారిపోయింది.

అసలు సంగతి మీకు చెప్పలేదు కదూ. పెళ్ళైన కొన్నేళ్ళకే ఆవిడ మొగుడి పడవ వరదలో మునిగింది. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. అయినా సరే, ఏటేటా పండక్కి ఆవిణ్ణి కూర్చోబెట్టి ఆ పాటే పాడారు. ఆవిడ నవ్వు మొహం పెట్టుకుని వినేది. ప్రేమగా పాడేవాళ్ళని ఏమంటుంది పాపం?

ఎర్రయ్యమ్మ మొగుణ్ణి పిలిచింది. ఆయన పేరు నూకరాజు, బారెడు మీసాల మనిషి.

"ఏమయ్యా, చిన్నప్పుడు మీ అమ్మ నీకు పాడిన జోలపాట గుర్తుందా?"

"ఉందే. ఇప్పుడెందుకు?"

"పాడు."

"నేనా? ఇంతమందిలోనా?"

"పాడతావా, నన్ను పాట ఎత్తుకోమంటావా?"

ఆ మాటకి భయపడి నూకరాజు వెంటనే పాడాడు. భూలోకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యి చాచి కొడుకు మీసం తడిమింది. పెదవులు మాత్రం విడలేదు. ఒళ్ళో బిడ్డ ఉన్నప్పుడు అదే ఆవిడకి లోకం. ఆ బిడ్డ మీసాలవాడయ్యాక ఆ పాట బెంగ తెచ్చింది గానీ ఆకలి తేలేదు.

"మూడోది ఉండాలి," అంది ఎర్రయ్యమ్మ. "పడుచుతనంలో ఒకటి, తల్లయ్యాక ఒకటి. ముసలితనంలో ఈవిడ మనసు దేనిమీదుంది?"

కూర్చుని ఆలోచించింది. అప్పుడు గుర్తొచ్చింది. ఏటా కోతలయ్యాక బాతులవాళ్ళు మందల్ని తోలుకుంటూ పొలాల్లోకి వచ్చేవారు. వాళ్ళు వచ్చినన్నాళ్ళూ భూలోకమ్మ కర్ర పుచ్చుకుని కంచె దగ్గర కూర్చునేది. "ఏంటత్తా?" అంటే, "బాతులు పెరట్లోకి రాకుండా అదిలిస్తున్నానే," అనేది. ఒక్క బాతునీ అదిలించిన పాపాన పోలేదు! బాతులవాళ్ళు ఏదో పాడేవారు, ఈవిడ వినేది. ఆ పాటేమిటో ఎర్రయ్యమ్మకి తెలీదు. రోకలిపోట్ల చప్పుడులో ఎప్పుడూ చెవిన పడలేదు. ఆ ఏడాది మందలు అప్పటికే ఊరు దాటి వెళ్ళిపోయాయి.

"తడిగుడ్డతో మీ అమ్మ పెదాలు తడుపుతూ ఉండు. పాట తెస్తా," అని మొగుడికి చెప్పి బయల్దేరింది.

మొదటి ఊళ్ళో అడిగితే, "నిన్ననే వెళ్ళిపోయారు. అయినా బాతులోళ్ళ పాట కోసం ఇంత దూరమా?" అని నవ్వారు. నవ్వితే నవ్వారు, ముందుకే నడిచింది. రెండో ఊళ్ళో అడిగితే, "ఏరు దాటేశారు. పడవ రేపటికి గానీ లేదు," అన్నారు. లేకపోతే లేదు, చీర ఎగ్గట్టి మొలలోతు నీళ్ళల్లో దిగింది. మూడో ఊరి పొలాల్లో బాతులు కనిపించాయి. వాటి వెనక ఒక ముసలాయన, పేరు సూరన్న.

"బాబాయ్, నీ పాట నాకు నేర్పాలి," అంది.

"ఇది పాటేంటమ్మా! బాతుల్ని మళ్ళించడానికి నోటికొచ్చింది అంటాం," అన్నాడు సూరన్న.

"నోటికొచ్చిందే నేర్పు."

నేర్పాడు. ఎర్రయ్యమ్మ ఎత్తుకుంది. బాతులన్నీ ఎగిరి కాలవలో పడ్డాయి. సూరన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "నీ వల్ల కాదు, వదిలెయ్యమ్మా," అన్నాడు.

"నీ బాతులు నా వెనక నడిచేదాకా వదలను," అంది ఎర్రయ్యమ్మ. పట్టిందంటే పట్టిందే. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఎప్పటికో ఒక కుంటి బాతు వెనకాలే వచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. తర్వాత మందంతా వచ్చింది. సూరన్నకి దణ్ణం పెట్టి, ఎర్రయ్యమ్మ వచ్చిన దారినే పరుగందుకుంది.

ఇంటికొచ్చేసరికి వీరాస్వామి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ళు ఇంకా పడవ పాటే పాడుతున్నారు.

"కట్టిన పాట ఉండగా బాతుల పాటా? పోయే మనిషి పరువు తీస్తావుటే?"

"పెద్దయ్యా, పరువు గంజి తాగిస్తుందా? తప్పుకో!"

పక్కకి నెట్టేసి లోపలికెళ్ళింది. మంచం పక్కన గంజి గిన్నెతో కూర్చుని, ఆ బొంగురు గొంతుతో అందుకుంది.

"బా బా బాతమ్మా, బద్ధకమేలే బాతమ్మా?
బురదే నీకు అత్తిల్లా, వరదే నీకు పుట్టిల్లా?
గుడ్డెక్కడ పెట్టావే, గుర్తుందా లేదా బాతమ్మా?"

ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. గోడవైపు తిరిగి ఉన్న భూలోకమ్మ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నారు. కాదు, నవ్వుతోంది! ఇటు తిరిగింది. ఎన్నాళ్ళకో నోరు తెరిచింది.

"ఛీ, ఏం గొంతే నీది," అంది. ఆ తెరిచిన నోట్లో ఎర్రయ్యమ్మ గంజి పోసేసింది. మింగింది. ఇంకో గుక్క, మరో గుక్క. ఎర్రయ్యమ్మ ఏడుస్తూనే పాడింది, పాడుతూనే పోసింది.

గిన్నె ఖాళీ అయ్యాక భూలోకమ్మ వీరాస్వామి వైపు చూసింది. "ఏం అన్నయ్యా, నా పెనిమిటి తిరిగిరాని రేవు పాట ఇన్నేళ్ళు నా చెవిలో పోశారే. నేను ఇంకా ఆ పెళ్ళికూతుర్నే అనుకున్నారా?" అంది. వీరాస్వామి తల దించుకున్నాడు. "నువ్వు చెప్పలేదు కదమ్మా," అన్నాడు మెల్లిగా. "మీరు అడగలేదు కదయ్యా," అంది ఆవిడ.

భూలోకమ్మ లేచి తిరిగింది. ఇంకొన్ని కోతలు చూసింది. పీటల మీద కట్టిన పాట ఆ పెళ్ళివరకే అయింది. ఆ తర్వాత ఎవరి పాట వాళ్ళ ఇష్టం.

అందరికీ వచ్చినట్టే ఎర్రయ్యమ్మకీ ముసలితనం వచ్చింది. రోకలి ఎత్తలేక మూల నిలబెట్టింది. చివరికి ఆవిడా మంచం పట్టింది. ఊరంతా వచ్చి చుట్టూ కూర్చుంది.

"ఎర్రయ్యమ్మా, నీకే పాట పాడమంటావు? బాతుల పాటేనా?"

"వద్దర్రా. మా అత్త పోయాక అది వింటే ఏడుపొస్తోంది," అంది. "ఇప్పుడేదో కొత్తదాని మీదకి పోతోంది మనసు. అదేమిటో ఇంకా తేలలేదు. రేపు అడగండి."

మర్నాడు పొద్దున్నే అడుగుదామని వెళ్ళారు. అప్పటికే ఆవిడ వెళ్ళిపోయింది. ఏ పాట పాడాలో ఎవరికీ తెలియలేదు. తెలియకుండా పాడకూడదని ఎవరూ నోరెత్తలేదు. ఆ రోజు ఏటి ఒడ్డుదాకా ఊరంతా మాట్లాడకుండా నడిచింది.

ఇప్పటికీ మీరు పడవలపేట వెళితే వినొచ్చు. ముసలివాళ్ళ ఇంట్లోంచి లేచేటప్పుడు అక్కడ ఎవరూ "వెళ్ళొస్తాం" అనరు. "పాట రేపు అడుగుతాం" అంటారు. మాటవరసకి అని ఊరుకోరు. మర్నాడు వెళ్ళి అడుగుతారు.