గోతిలో కూర్చున్న యోబు

రైలు కూత ఎవరి చెవినా పడని కాలం. అప్పుడు రాళ్ళగూడెం అనే పల్లె, ఆ పల్లెకో ప్రెస్బిటేరియన్ గుడి, ఆ గుడి వెనక సమాధుల తోటలో గోతులు తవ్వే యోబు.

ఆ గుడిలో ప్రభు భోజనపు బల్ల దగ్గర కూర్చోవాలంటే విశ్వాసం గురించిన ప్రశ్నోత్తరాలు నోటికి అప్పజెప్పాలి. యోబుకు చదువు రాదు. చదువున్న సంఘ పెద్దలేమో ఒక పాడు అలవాటు పెట్టుకున్నారు. తమలో ఎవరు పోయినా అతని దగ్గరున్న పుస్తకాన్ని గుండెల మీద పెట్టి పూడ్చేసేవారు. అదేం భక్తో!

సంఘ పెద్ద సీమోనయ్య పోయాడు. తొలి పాస్టరు రాసిన కీర్తనలు ఆయనతో దిగిపోయాయి.

"అయ్యా, మనిషిని దించండి, పుస్తకం ఉంచండి," అన్నాడు యోబు.

"గొయ్యి తవ్వేవాడివి, గొయ్యి తవ్వు," అన్నారు పెద్దలు.

పెద్ద ఫిలేమోను పోయాడు. పాత ప్రసంగాలన్నీ ఆయనతో దిగిపోయాయి.

"అయ్యా, మనిషిని దించండి, పుస్తకం ఉంచండి."

"గొయ్యి తవ్వేవాడివి, గొయ్యి తవ్వు."

ఇక మిగిలింది ఒక్కటే, చేత్తో రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం. పెద్ద గమలియేలు రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని దాన్ని యోబుకు చదివి వినిపించేవాడు. యోబుకు సగం వచ్చింది. అంతలో గమలియేలు కన్నుమూశాడు. పుస్తకం పెట్టెలో ఆయన చేతుల కింద పెట్టారు.

యోబు గొయ్యి తవ్వాడు. పైకి రాలేదు. లోపలే చతికిలబడ్డాడు.

"లేవరా, ఎండ మాడ్చేస్తోంది!"

"లేవను. మనిషిని దించండి, పుస్తకం ఉంచండి."

"నీకూ చోటు కావాలంటే పక్కన ఇంకోటి తవ్వుకో!" అన్నాడొక పెద్ద. జనం నవ్వారు. యోబు నవ్వలేదు.

"నాకు బల్ల దగ్గర చోటు కావాలయ్యా. సగం నేర్చాను. మిగతా సగం మట్టిలో కలిస్తే నాకెవరు చెప్తారు? నా వెనక వచ్చేవాళ్ళకెవరు చెప్తారు?"

పాస్టరుగారు తల గోక్కున్నారు. "ఇక్కడ నా ఒక్కడి మాట చెల్లదు. పెద్దలు చేతులెత్తాలి," అన్నారు.

ఒక్క చెయ్యీ లేవలేదు. పోయినవాడి పుస్తకం ముట్టుకోవడానికి అందరికీ భయమే.

యోబు గమలియేలు భార్య రాహేలమ్మ వైపు తిరిగాడు.

"అమ్మగారూ, అయ్యగారికి ఆ పుస్తకం నోటికి వచ్చా?"

"నిద్రలో లేపినా అప్పజెప్పేవారు."

"వచ్చినాయనకు పుస్తకమెందుకమ్మా? రానివాణ్ణి నేనున్నాను కదా!"

రాహేలమ్మకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే పెట్టె మీదికి వంగింది. భర్త చేతుల కింద నుంచి పుస్తకం తీసి గోతిలోకి అందించింది.

"తీసుకో నాయనా. రేపు పైన ఆయన కోప్పడితే నేను సర్దిచెప్పుకుంటాను."

అప్పుడు లేచాయి పెద్దల చేతులు, ఒకటి తరవాత ఒకటి. సిగ్గుతో లేచినా చెయ్యి చెయ్యే!

మిగతా సగం రాహేలమ్మే చదివి చెప్పింది. మరుసటి ఏడు యోబు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళు కూర్చున్నాడు. పోయాడు.

ఇప్పటికీ రాళ్ళగూడెంలో పెట్టె మూత వేసేముందు పోయినవాళ్ళ పుస్తకం పైకి తీస్తారు. దాన్ని పుచ్చుకున్నవాళ్ళు ఆ వారంలోనే చదువురాని ఒకరిని అరుగు మీద కూర్చోబెట్టుకుని చదవడం మొదలుపెట్టాలి. వినేది ముసలమ్మ కావచ్చు, పశువులు కాసే పిల్ల కావచ్చు. దారిన పోయేవాళ్ళు అడిగే మాట మాత్రం ఒక్కటే:

"యోబు ఎందాకా వచ్చాడు?"