తాటాకుకి మడతలు నేర్పిన ముసలమ్మ కథ

ఒకప్పుడు తాటాకుకి ఒక్క మడత కూడా ఉండేది కాదు. అరిటాకులా నున్నగా, చాపంత వెడల్పుగా ఉండేది.

నమ్మరా? అయితే తలా ఒక కాగితం తెచ్చుకోండి. తేనివాళ్ళు పక్కవాళ్ళది చూడండి, లాక్కోకండి. ఇప్పుడు ఒక అంచు పట్టుకుని కాగితాన్ని పైకెత్తండి. వాలిపోయిందా? అప్పటి తాటాకూ అలాగే వాలిపోయేది. అయినా తాటిచెట్టుకి తన ఆకుల నునుపంటే తగని మురిపెం.

సముద్రం ఒడ్డున అలాంటి తాటిచెట్టు ఒకటి ఉండేది. దాని ఆకు కొసన గిజిగాడు గూడు అల్లుకున్నాడు. గూట్లో మూడు పిల్లలు. వాటికింకా రెక్కలు రాలేదు.

ఒకరోజు పొద్దున్నే సముద్రం మీంచి చిన్నగాలి వచ్చింది. "చెట్టూ, ఊరికే పలకరించి పోదామని వచ్చాను. సాయంత్రం మా అన్న తుఫాను వస్తున్నాడు. కాస్త చూసుకో," అంది. అది పలకరించినందుకే ఒక ఆకు పర్రున చిరిగింది. గూడు గిర్రున తిరిగింది.

గిజిగాడు గూటి దగ్గరికి ఎగిరొచ్చాడు. "చెట్టు మామా! నా పిల్లలు ఎగరలేవు. నీ ఆకు చిరిగితే తిన్నగా సముద్రంలో పడతాయి," అని ఏడ్చాడు.

"ఏం చెయ్యమంటావు?" అని చెట్టు పక్కనున్న అరటిచెట్టుని అడిగింది. "చిరిగితే చిరగనీ. ఇంకో ఆకు వేసుకుంటే సరి," అంది అరటి. ఆకైతే ఇంకోటి వేసుకోవచ్చు. పిల్లల సంగతో?

ఆ తాటిచెట్టు కిందే పైడమ్మ అనే అవ్వ రోజూ పిల్లలకి కథలు చెప్పేది. నోటితోనే కాదు, చేతులతో కూడా చెప్పేది. సంతలో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితం ఒళ్ళో పెట్టుకునేది. కథ ఒక అడుగు నడిస్తే కాగితానికి ఒక మడత. ఆ రోజు, కూతురి ఊరికి బయల్దేరిన ముసలమ్మ కథ అందుకుంది.

"ముసిల్ది కొండెక్కింది," అంటే మడత పైకి. "కొండ దిగింది," అంటే మడత కిందకి. "మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది."

మీరూ మడవండి. వేలెడు వెడల్పు చాలు. తొందరపడకండి, ముసలమ్మకి మోకాళ్ళ నొప్పులు.

"ఎన్ని కొండలే అమ్మమ్మా!" అని విసుక్కుంది గౌరి అనే పిల్ల.

"కాగితం అయిపోయినంత దాకా. అదిగో, అయిపోనాది! కూతురింటికొచ్చింది. ఒకటే ఉక్క! అప్పుడేటి సేసింది?" పైడమ్మ ఒక కొస వేళ్ళతో నొక్కిపట్టి, రెండో కొస విప్పి, గౌరి మొహానికి విసిరింది. విసనకర్ర!

చెట్టు కళ్ళప్పగించి చూసింది. ఇందాక ఒళ్ళో వాలిపోయిన కాగితమే ఇప్పుడు నిటారుగా నిలబడింది. గాలి దాన్ని ఊపడం లేదు, అదే గాలిని ఊపుతోంది!

"పైడమ్మా, ఆ కథ నా ఆకులకి కూడా చెప్పవా?"

"సెప్తాను గానీ, నీ నునుపంతా పోతాది మరి. ఇస్తిరీ సేసినా తిరిగి రాదు."

చెట్టు తన ఆకుల్ని ఒకసారి చూసుకుంది. గూట్లో పిల్లలు కీచుమన్నాయి. "పోతే పోనీ. చెప్పు," అంది.

పైడమ్మ మొదలుపెట్టింది. పిల్లలంతా గొంతు కలిపారు. "కొండెక్కింది! కొండ దిగింది!" ఆకులకి కాడ దగ్గర నుంచి మడత వెనక మడత పడుతూ వచ్చింది. "మా అమ్మమ్మ మొహంలా అయిపోయావు!" అని అరటి పకపకా నవ్వింది. చెట్టు నొచ్చుకుంది గానీ మడతలు మాత్రం ఆపలేదు.

కథలో ముసలమ్మ ఇంకా సగం దారిలో ఉండగానే తుఫాను వచ్చేశాడు. పైడమ్మ పిల్లల్ని పొదువుకుని ఇంట్లోకి పరుగెత్తింది. ఆకులు సగం మడత, సగం నునుపు! నున్నగా మిగిలిన కొసల్ని తుఫాను పీలికలు చేసేశాడు. మడతల దగ్గరికి వచ్చేసరికి అతని ఆట సాగలేదు. తోశాడు, గుంజాడు, బుసకొట్టాడు. ఆకులు గలగలమన్నాయే గానీ వంగలేదు. చివరికి అలిసిపోయి, "నీతో నావల్ల కాదు," అని వెళ్ళిపోయాడు.

తెల్లారింది. గూడు మడతల దాకా చీలి ఆగిన ఒక పీలికకి వేలాడుతోంది. గిజిగాడు భయంభయంగా లోపలికి తొంగిచూశాడు. "ఒకటి... రెండు..." మూడోది కనపడలేదు. అంతలో ఆ రెండింటి కిందనుంచి చిన్న ముక్కు బయటికొచ్చి, "నాన్నా, ఆకలి!" అంది.

గిజిగాడు ఏడుస్తూనే నవ్వాడు. హమ్మయ్య! అరటి మాత్రం ఈసారి నవ్వలేదు. పాపం, దాని ఒంటిమీద ఒక్క నిండు ఆకు లేదు మరి.

అప్పటినుంచే తాటాకు మడతలతో పుడుతోంది, దాని కొసలు చీలి ఉంటున్నాయి, గిజిగాళ్ళు ఆ కొసలకే గూళ్ళు కట్టుకుంటున్నారు. గాలి వీచినప్పుడల్లా తాటాకులు గలగలమనేదీ అప్పటినుంచే. సగంలో ఆగిన కథ కదా, వాటి ముసలమ్మ ఇంకా కూతురి ఊరు చేరలేదు. కొండెక్కుతూనే ఉంది, కొండ దిగుతూనే ఉంది.