చీపురుపుల్లదే తప్పు

మీ కాళ్ల కింద ఏముందో మీరు చివరిసారి ఎప్పుడు చూసుకున్నారు? ముఖం సంగతి అడగడం లేదు. ముఖం గంటకోసారి చూసుకుంటారని అందరికీ తెలిసిందే. అడిగింది కాళ్ల కింద. గుర్తు లేదు కదా? సరే, సర్దుకుని కూర్చోండి. ఈ కథ గుర్తులేనివాళ్ల రాజ్యం గురించే.

ఆ రాజ్యం మధ్యలో ఒక పెద్ద సరస్సు ఉంది. అది ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. ఈ ఒడ్డున కోట, ఇళ్లు. ఆ ఒడ్డున అడవి. చలికి కట్టెలు కావాలి, కట్టెల కోసం మంచు దాటాలి, మంచు దాటాలంటే కత్తిజోళ్లు ఉండాలి. కత్తిజోడంటే మామూలు తోలుబూటే, కాకపోతే అడుగున నిలువుగా ఒక ఇనప బద్ద ఉంటుంది. ఆ బద్దకి రెండు అంచులు, మధ్యలో సన్నటి గాడి. అంచులు రెండూ పదునుగా, సమానంగా ఉంటే మంచుని కరుచుకుని మనిషిని నిలబెడతాయి. లేకపోతే పడేస్తాయి. ఇందులో రాజకీయం ఏమీ లేదు. అప్పటికింకా లేదు.

జోళ్లకి సానపట్టే చక్రం ఒక్కటే, అది కోటలో ఉండేది. ఒకప్పుడు బాగానే తిరిగేది. ఒక ఏడాది రాజుగారికి పటం గీయించుకోవాలనిపించింది. సింహాసనం మీద ఏ రాజైనా కూర్చుంటాడు, కష్టజీవుల పక్షాన ఉండే రాజు సానచక్రం మీద కూర్చుంటే ఆ అందమే వేరు అన్నాడు మంత్రి. రాజుగారు కూర్చున్నారు. చక్రం కిర్రుమంది. చిత్రకారుడిది నెమ్మదైన చెయ్యి. సాయంత్రానికి పటం పూర్తయింది, చక్రం ఇరుసు వంగిపోయింది.

ఇరుసు మార్చాలంటే ఎందుకు వంగిందో చెప్పాలి. అది చెప్పాలంటే రాజుగారి బరువు సంగతి ఎత్తాలి. రాజుగారినే ఎత్తలేనివాళ్లు ఆయన బరువు సంగతి ఏమెత్తుతారు? కాబట్టి మంత్రి దండోరా వేయించాడు: చక్రం రాజుగారి ముందు వినయంతో వంగింది.

ఆనాటి నుంచి ఆ వినయంగల చక్రం మీద పదునుపెట్టిన ప్రతి జోడుకీ ఎడమ అంచు పొడుగు, కుడి అంచు పొట్టి. పొడుగు అంచు మంచుని పట్టుకుంటుంది, పొట్టి అంచు గాల్లో ఊగుతుంది. జనం ఎదురొడ్డున దారి గుర్తుగా పాతిన గుంజ వైపు బయల్దేరి, ఎడమగా ఎక్కడో తేలేవారు. ఆగబోతే జారేవారు, తిరగబోతే పడేవారు. మణికట్లు విరిగాయి. మంత్రి ఒక్క రోజు ఆలోచించి, జనం తేలుతున్న చోట ఒక ఎర్ర జెండా పాతించాడు. అదే నేరు దారి అన్నాడు. మరుసటి ఏడు జనం ఇంకా ఎడమకి తేలారు. జెండా కూడా జరిగింది. విరిగిన చేతులకి వేసే కట్లు రాజుగారి రంగులో ఇచ్చారు. కట్టు లేనివాడికి పెళ్లిళ్లలో మర్యాద తగ్గింది.

అయితే ఎడమవైపు అలా జరుగుతూ పోతే ఒక మూల వస్తుంది. దాన్ని నీలిమూల అంటారు. అక్కడ అడుగున వేడినీటి ఊట ఉంది. పైన మంచు అప్పడమంత పలచన.

ఇక మన కట్టెలమ్మాయి. అడవి నుంచి కట్టెలు లాక్కొచ్చి తనూ, చెల్లీ బతికేవాళ్లు. పని చేయడంలో ఎంత గట్టిదో, నోరు మూసుకోవడంలో అంత బలహీనురాలు. కోటలో సాన కోసం వరసలో నిలబడి, గోడ మీది పటం చూసి, "పటంలో అందరికన్నా బాధగా ఉన్నది చక్రమే" అంది. కిసుక్కున నవ్వింది కూడా. ఆ నవ్వుకి శిక్షగా ఆమె జోళ్లకి ఇక సాన లేదన్నారు.

"పోతే పోనీ" అనుకుని ఇంట్లో కత్తిపీట నూరుకునే రాయి తీసింది. బద్ద అడుగుని ముందు చదును చేసింది. రాయి గుండ్రటి అంచుతో మధ్య గాడి తీసింది. చీపురులోంచి ఒక పుల్ల లాగి రెండంచుల మీదా అడ్డంగా పెట్టి చూసింది. పుల్ల ఒక పక్కకి వాలితే మళ్లీ నూరింది. చివరికి పుల్ల కదలకుండా పడుకుంది. గోరు అంచు మీద ఆనిస్తే గోటి పొడి రాలింది.

మర్నాడు మంచు మీద కాలుపెట్టి ఒక్క తోపు తోసిందో లేదో, నడుము నొప్పి మాయం. ఆ నొప్పి తన వయసుకి రావలసినదే అనుకుంది ఇన్నాళ్లూ. తీరా కళ్లెత్తి చూస్తే ఎదురుగా జెండా లేదు. అందరూ మర్చిపోయిన పాత గుంజ ఉంది.

"అదిగో, ఆ పిల్ల వంకరగా పోతోంది!" అని అరిచారు జెండా దగ్గరివాళ్లు. ఆ అరిచిన ఊపుకి ఇద్దరు పడ్డారు.

ఆమెని సభకి పిలిపించారు.

"ఏమ్మా, వంకరగా వెళ్లావట?" అన్నాడు మంత్రి.

"నేరుగానే వెళ్లానండి. చూసినవాళ్లు వంకరగా నిలబడి చూశారు."

"జెండా దగ్గరికి పోయేదే నేరు దారి."

"మరి నిరుడు జెండా ఎక్కడుందండి?"

"నిరుటి జెండా గురించి మాట్లాడటం దేశానికి మంచిది కాదు."

"పోనీ వచ్చే ఏడాది జెండా గురించి మాట్లాడదాం. ఈసారి జరిపితే నీలిమూలలోనే పాతాలి. నీళ్లలో మునిగిన జెండాకి వందనం ఎలా చేస్తారో ఇప్పుడే నేర్పండి, సాధన చేసుకుంటాం."

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదని చూసి, నవ్వులన్నీ దగ్గులుగా మారాయి.

"అసలు పదునే ప్రమాదం" అన్నాడు మంత్రి, మాట మారుస్తూ. "అంచులు మొద్దుగా ఉంటే ఎవరికీ ఏ హానీ ఉండదు."

"పదునైనది పట్టుకుంటుందండి, మొద్దుది జారుతుంది. ఈ సభలో కట్టు కట్టుకున్న చేతులు ఎత్తమనండి, పదునుకి తెగినవి ఎన్నో చూద్దాం. అయ్యో, విరిగిన చేతులు ఎత్తలేరు కదా."

ఆమె మూలనున్న చీపురులోంచి ఒక పుల్ల లాగింది. "ప్రభూ, తమరొకసారి కాలు ఎత్తుతారా?"

రాజుగారి కాలు ఎత్తడానికి ఇద్దరు భటులు కావలసి వచ్చారు. ఆమె ఆయన జోడు బద్ద అంచుల మీద అడ్డంగా పుల్ల పెట్టింది. పుల్ల కుడిపక్కకి జారుబండలా వాలింది. రాజుగారు వంగి చూశారు. కళ్లు చిన్నవి చేసుకుని మరీ చూశారు.

"పుల్ల వంకర" అన్నాడు మంత్రి.

ఇంకో పుల్ల పెట్టింది. అదీ వంకరే. మరొకటి. అదీనూ. మధ్యాహ్న భోజనం వేళకి చీపురు మొత్తం విడిపోయి సభ నిండా పరుచుకుంది. ఊడవడానికి ఇంకో చీపురు లేదు. ఆఖరికి తీర్పు చెప్పారు. తప్పు చీపురుపుల్లలదే, వాటిని పొయ్యిలో వేయాలి. కట్టెలమ్మాయి ఏటా మంచు మీద జరిగే సూర్యపూజ ఊరేగింపులో కాలు పెట్టకూడదు.

బయట, కోట చక్రం మీద సానపట్టేవాడు ఆమె పక్కన నడుస్తూ గొణిగాడు. "అమ్మాయ్, ఆ ఇరుసు సంగతి నాకు మొదటి రోజే తెలుసు."

"మరి నోరు విప్పవేం బాబాయ్?"

"సానపట్టడానికి కాదమ్మా, చూసీ చూడనట్టు ఉండడానికే నాకు ఈ కొలువు."

ఊరేగింపులో తను లేకపోయినా ఆమెకి బాధ లేదు. బాధల్లా చెల్లి గురించే. ఊరేగింపు ముందు దీపం పట్టుకుని నడిచేందుకు ఆ ఏడు చెల్లిని ఎంచారు. జెండా నీలిమూల పక్కకే జరిగింది. ఎడమకి తేలితే అందరికన్నా ముందు ఆ పలచటి మంచు మీద కాలు పెట్టేది చెల్లే.

"ఆ జోళ్లు ఇలా ఇయ్యవే" అంది.

"ఇవ్వను. అందరూ ఒక పక్కకి పోతుంటే దీపం పట్టుకుని నేనొక్కదాన్నే ఇంకో పక్కకి పోవాలా? సిగ్గేయదూ?"

"సిగ్గేస్తుంది. నీకు ఈత వచ్చా?"

ఆ రాజ్యంలో ఎవరికీ ఈత రాదు.

"నీ వల్ల నాకు తలెత్తుకోవడానికి లేదు" అంది చెల్లి. "నువ్వు ఆవిడ చెల్లెలివేనా అని అడిగితే, కాదు, పక్కింటి అమ్మాయినని చెప్పాను."

కట్టెలమ్మాయి చెయ్యి చాపింది. "పక్కింటి అమ్మాయైనా సరే, నీళ్లలో పడనివ్వను. ఇయ్యి."

చెల్లి జోళ్లు విసిరికొట్టింది. అక్క వాటిని ఒళ్లో పెట్టుకుని పొద్దు వాలేదాకా నూరింది. పుల్ల పడుకునేదాకా నూరింది.

సూర్యపూజ రోజు వచ్చింది. ముందు దీపం, వెనక మంత్రి, ఆ వెనక రాజు, తర్వాత రాజ్యం మొత్తం. దీపం మీంచి చూపు తిప్పకూడదన్నది నియమం. చెల్లి భయపడుతూనే కాలు తోసింది. దీపం చక్కగా పాత గుంజ వైపు సాగింది. వెనక జనం చూపులు దీపం మీద, కాళ్లు ఎడమకి. మెడలు ఒక దిక్కుకి, మోకాళ్లు ఒక దిక్కుకి. మొత్తం రాజ్యానికే మెడ పట్టేసినట్టుంది.

అప్పుడు మంచులోంచి టప్పుమని ఒక చప్పుడు వచ్చింది.

మంత్రి పాదం చుట్టూ నీళ్లు ఊరాయి. ఆగబోయాడు. ఆగడానికి అంచు ఉంటేగా! వెనకున్నవాళ్లు ఆయన్ని తోసుకుంటూ జారుతున్నారు. మంచు మీద తెల్లటి గీతలు పాకాయి. మంత్రి ఒక కాలు మోకాలి దాకా దిగిపోయింది.

ఒడ్డున నిలబడ్డ కట్టెలమ్మాయి బాణంలా దూసుకొచ్చింది. "కూర్చోండి! ఎక్కడివాళ్లక్కడ కూర్చోండి!"

"రాజుగారు నిలబడి ఉండగానా?" అన్నాడు మంత్రి, జోడు నిండా నీళ్లతో.

నిజమే, ఒక్కరూ కూర్చోలేదు. మునగడానికైనా సిద్ధపడ్డారు గానీ, మర్యాద తప్పడానికి ఎవరూ సిద్ధంగా లేరు.

ఆమె రాజు వైపు తిరిగింది. "ప్రభూ! తమకి బాగా వచ్చిన పనే అడుగుతున్నాను. కూర్చోండి!"

రాజుగారు ఆమె వైపు చూశారు. కూర్చున్నారు. మంచు కిర్రుమంది. ఆ చప్పుడు ఆయన ఇదివరకు ఒకసారి విన్నారు. ముఖం పాలిపోయింది.

"ఇక బోర్లా పడుకోండి. బరువు ఒక్కచోట పడనీయకండి. పాకండి, దీపం వైపు!"

రాజు పాకారు. రాజ్యం పాకింది. కిరీటం, కట్లు కట్టిన చేతులు, జరీ అంచులు అన్నీ మంచు రాసుకుంటూ బల్లుల్లా సాగాయి. కట్టెలమ్మాయి తనూ పడుకుని, మంత్రి తలపాగా కొస పట్టుకుని ఆయన్ని లాగింది. "నలగనీయకు తల్లీ, పట్టుది!" అన్నాడాయన, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. పాత గుంజ దగ్గర చెల్లి రెండు చేతులతో దీపం ఎత్తి నిలబడింది. దగ్గరికొచ్చినవాళ్లు ఎవరో, ఆ అరిచిందెవరమ్మా అని అడిగితే గట్టిగా చెప్పింది: "మా అక్క."

ఎవరూ చావలేదు. కాబట్టి ఎవరూ నేర్చుకోలేదు. రాజుగారు పాకుట అనే విద్యని కనిపెట్టారని మర్నాడే దండోరా వేశారు. బోర్లా పడుకున్న భంగిమలో కొత్త పటం గీయించాలన్నారు. సానచక్రం వినయం వినయంగానే ఉంది.

కొన్నాళ్లకి సానపట్టేవాడు కట్టెలమ్మాయి గుమ్మం ముందుకొచ్చాడు. చంకలో పట్టుగుడ్డలో చుట్టిన మూట. విప్పితే పడవలంతేసి జోళ్లు.

"ఎవరివని అడగకమ్మా."

"అడగను బాబాయ్. అయితే ఒక షరతు. నేను నూరాక, సరిగ్గా ఉన్నాయో లేదో ఆ జోళ్లాయన స్వయంగా పుల్ల పెట్టి చూసుకోవాలి. తన కళ్లతో."

మరుసటి ఉదయం రాజుగారు ఒంటరిగా మంచు మీదికొచ్చారు. ఒక్క తోపు తోశారు. నేరుగా, గీత గీసినట్టు పాత గుంజ దగ్గర ఆగారు. జీవితంలో మొదటిసారి ఎక్కడ ఆగాలనుకున్నారో అక్కడే ఆగారు. సంబరంగా వెనక్కి తిరిగారు.

ఒడ్డున సభంతా బారులు తీరి, తలలు ఒక పక్కకి వాల్చి నిలబడి ఉంది. అలా వాల్చి చూస్తే రాజుగారు కూడా ఎప్పటిలాగే వెళ్లినట్టు కనిపిస్తుంది. చప్పట్లు మోగాయి.

రాజుగారు గుంజ పట్టుకుని గట్టిగా అరిచారు. "మీలో ఎవరి దగ్గరైనా ఒక పుల్ల ఉందా?"

"దిగులు పడకండి ప్రభూ!" అని మంత్రి వాల్చిన తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "పుల్లలన్నిటినీ అప్పుడే కాల్చేశాం!"

కథ అంతే. ఇంకా కూర్చున్నారేం? లేవండి. కాళ్లకున్నవి విప్పండి, తిరగేయండి. ఇంట్లో చీపురు ఇంకా మిగిలే ఉంది కదా, ఒక పుల్ల లాగి అడ్డంగా పెట్టి చూడండి. అది వాలితే, మీకు దణ్ణం పెడతాను, దయచేసి పుల్లని మాత్రం తిట్టకండి. రాయి తీయండి.