చింతపిక్కలు మాయమైన ఇల్లు

అనగా అనగా, ఉప్పుగాలి కొట్టే ఒక ఊళ్ళో గవరయ్య అని ఒకాయన ఉండేవాడు, కన్నా. కొబ్బరి పీచు నానబెట్టి, బాది, తాళ్ళు పేనేవాడు. ఆయన పేనిన తాడు కడితే పడవ గాలివానకైనా కదలదని చెప్పుకునేవారు. మనిషి మంచివాడే. కాకపోతే అనుమానం జాస్తి.

బావిలోంచి నీళ్ళు తోడితే ముందు వాసన చూసేవాడు. ఇరుగుపొరుగు కూర పంపితే కాస్త పిల్లికి పెట్టేవాడు. పిల్లి ఇంకా తిరుగుతోందా లేదా అని కాసేపు చూసేవాడు. అప్పుడు తినేవాడు.

పుట్టుకతోనే అలాంటివాడు కాదులే. ఆయన భార్య ఎర్రయ్యమ్మ ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయింది. ఊరి చివర సరుగుడు తోటలో పూడ్చిపెట్టి వచ్చారు. నీళ్ళ వల్ల వచ్చిందో, గాలి వల్ల వచ్చిందో, ఎవరి కన్ను పడిందో, ఒక్కరూ చెప్పలేకపోయారు. ఎటునుంచి వచ్చిందో తెలియదు కదా, అందుకని ఆయన అన్ని వైపులా చూడ్డం మొదలుపెట్టాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు, పైడితల్లి. అందరూ పైడి అనేవారు. నీ అంత ఉంటుంది. "అమ్మేదీ?" అని అడిగితే, "పుట్టింటికి వెళ్ళిందమ్మా, వస్తుందిలే" అన్నాడు గవరయ్య. పైడి ఆయన మొహంలోకి అలా చూసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పోనీలే, నమ్మింది అనుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆ ఊరికి దాలమ్మ అనే ముసలామె వచ్చింది. ఏ ఊరో తెలియదు, ఎవరి తాలూకో తెలియదు. జీడితోట పక్కన ఖాళీగా పడున్న పాకలో దిగింది. పొద్దున్నే తల్లులంతా జీడిపిక్కలు కొట్టడానికి పోతారు కదా, వాళ్ళ చిన్నపిల్లల్ని తన దగ్గర ఉంచుకునేది. "ఆడుకుంటూ ఉంటారు, నేను చూస్తూ ఉంటాను" అనేది. గుప్పెడు బియ్యం ఇస్తే తీసుకునేది. ఇవ్వకపోతే అడిగేది కాదు.

అదిగో, అక్కడే గవరయ్యకి నచ్చలేదు. "అడగదా? ఊరికే ఎవరు చేస్తారు?" అనుకున్నాడు. కానీ ఏం చేస్తాడు? ఇంట్లో ఇంకో మనిషి లేదు. పీచు నానేసే గుంట లోతు. పిల్లని దాని పక్కన వదిలి పని చేసుకోవాలంటే మనసొప్పదు. సరేనని పైడిని పంపించాడు.

అప్పుడు మొదలైంది.

ముందు చాటలో ఎండబెట్టిన చింతపిక్కలు మాయమయ్యాయి. ఆ తర్వాత పొయ్యిలోకని దాచుకున్న కొబ్బరి చిప్పలు మాయమయ్యాయి. ఆ తర్వాత కత్తిరించి పారేసిన తాడు ముక్కలు కూడా మాయమయ్యాయి. పారేసిన తాడు ముక్కలు ఎవరికి కావాలి?

పైగా పైడి ఏదో పాట పాడుతోంది. అన్నం తింటూ పాడుతోంది, పక్క మీద పడుకుని పాడుతోంది.

"ఇటు గుంట నిండె, అటు గుంట ఎండె, నడిమి గుంటలోన నక్క తొంగి ఉండె."

గవరయ్యకి ఒళ్ళు జలదరించింది. ఎండె అంటోందేమిటి? ఎవరి కడుపు ఎండాలని? ఆ నక్క ఎవరు?

పక్కింటి సన్యాసమ్మ గోడ మీంచి తొంగిచూసి, "మావాడూ అదే పాడుతున్నాడు గవరయ్యన్నా" అంది. "మొన్న మొహం నిండా బురద పూసుకుని వచ్చాడు. అదేమిట్రా అంటే, నేను ఏనుగుని అన్నాడు. ఆ ముసలమ్మ సంగతేంటో చూడరాదూ."

చూడరాదూ అంటే చాలు, గవరయ్య బయల్దేరాడు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి జీడిచెట్టు వెనక నిలబడ్డాడు. చూస్తే ఏముంది? ఇసకలో వామనగుంటలు. గుంటల నిండా చింతపిక్కలు. ఆయన ఇంటి చింతపిక్కలే! పిల్లలు గుంట గుంటకీ పిక్కలు పంచుతూ ఆ పాట పాడుతున్నారు. ఒకడు చాటుగా గుప్పెట్లో కొన్ని దాచాడు. పైడి లెక్కైనా పెట్టలేదు. ఊరికే గుంట వంక చూసి, "నీది తక్కువైందే, చెయ్యి తియ్యి" అంది. వాడు నాలిక కరుచుకుని పిక్కలు వేసేశాడు. దాలమ్మ నీడలో కూర్చుని చీపురు పుల్లలు ఏరుకుంటోంది.

"ఓహో, దొంగసొత్తు పంచుకోవడం నేర్పుతోందన్నమాట" అనుకుని ఇంటికి వచ్చేశాడు గవరయ్య.

మర్నాడు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి పిల్లలు నడుముకి తాడు ముక్కలు తోకల్లా కట్టుకుని, కొబ్బరి చిప్పల్లో ఏదో కలుపుతున్నారు. ఆకులు నలిపి వేస్తున్నారు, నీళ్ళు పోస్తున్నారు. పెద్ద చిప్పలోవి చిన్న చిప్పలోకి ఒంపితే పొర్లిపోతున్నాయి. "పట్టవు, పట్టవు" అని అరుస్తున్నారు. మళ్ళీ ఒంపుతున్నారు, మళ్ళీ పొర్లుతున్నాయి. పైడి రెండో చిన్న చిప్ప తెచ్చి పక్కన పెట్టింది. అప్పుడు పట్టాయి. అందరూ గంతులేశారు. పైడి ఆ పచ్చనీళ్ళ చిప్ప మూతి దగ్గర పెట్టుకుంది.

మందు! నా కూతురికి మందు పెడుతోంది! గవరయ్య చెట్టు చాటు నుంచి ఒక్క దూకు దూకి చిప్ప విసిరికొట్టాడు.

"ఏమమ్మా, ఏం తాగిస్తున్నావు మా పిల్ల చేత?"

"తాగదు బాబూ, తాగినట్టు ఆడుతుంది" అంది దాలమ్మ.

"అక్షరం ముక్క లేదు, పలక లేదు. ఏం నేర్పుతున్నావు వీళ్ళకి?"

"నేనేం నేర్పడం లేదు. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటున్నారు. దెబ్బలు తగలకుండా చూస్తున్నాను."

ఏదో దాస్తోంది కాబట్టే ఇంత తేలిగ్గా చెబుతోంది అనుకున్నాడు గవరయ్య. పైడి రెక్క పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేశాడు.

ఆ తర్వాత తాళ్ళు పేనే పాకలో, తన కళ్ళెదురుగా ఒక పలక ఇచ్చి కూర్చోబెట్టాడు. పైన ఒక 'అ' రాసి, "దిద్దు" అన్నాడు. పైడి దిద్దింది. "ఇంకా దిద్దు" అన్నాడు. దిద్దింది. మొదట ఏడుస్తూ దిద్దింది. తర్వాత ఏడవకుండా దిద్దింది. 'అ' లావెక్కి, లావెక్కి, పలకంతా తెల్లటి ముద్దయింది. అదేం అక్షరమో అడిగితే చెప్పలేకపోయేది.

ఇంట్లో పాట ఆగిపోయింది. ముద్ద నోట్లో పెడితే పక్కకి తిరిగేది. పిలిస్తే వచ్చేది, పొమ్మంటే పోయేది. కోరుకున్నది అదే కదా? కానీ గవరయ్యకి ఇప్పుడు ఆ నిశ్శబ్దం మీద అనుమానం వచ్చింది. ఇంత బుద్ధిగా ఉందేమిటి? ఈ పిల్ల ఏం దాస్తోంది?

ఒకనాడు పీచు బాదుతూ తల తిప్పితే పలక ఉంది, పిల్ల లేదు. పీచు నానేసే గుంట వైపు పరిగెత్తాడు. లేదు. పెరట్లో పీచు కుప్ప వెనకాల నుంచి సన్నగా మాటలు వినిపించాయి. ఆ ముసలమ్మ ఇక్కడిదాకా వచ్చిందన్నమాట! ఊపిరి బిగబట్టి, కుప్ప పక్క నుంచి తొంగిచూశాడు.

దాలమ్మ లేదు. పైడి ఒక్కతే ఉంది. ముందర ఒక పెద్ద రాయి, ఒక చిన్న గవ్వ, నీళ్ళు పోసిన ఒక కొబ్బరి చిప్ప. వాటి పక్కన గుడ్డపేలిక చుట్టిన ఒక పుల్ల.

పైడి రాయిని చిప్ప దగ్గరకి జరిపింది. "వాసన చూశావా నాన్నా? మంచి నీళ్ళే. తాగు" అంది.

అప్పుడు పుల్లని ఇసకలో పడుకోబెట్టి మీద ఆకు కప్పింది. గవ్వని చేతిలోకి తీసుకుని చెవిలో చెప్పినట్టు చెప్పింది.

"అమ్మ సరుగుడు తోటలో పడుకుంది. ఇంక లేవదు. నాన్నకి చెప్పకేం. నాన్న పుట్టింటికి వెళ్ళిందనుకుంటున్నాడు. తెలిస్తే ఏడుస్తాడు."

గవరయ్య అక్కడే పీచు మీద కూలబడ్డాడు.

ఆ చప్పుడుకి పైడి తలెత్తింది. గబగబా రాయినీ గవ్వనీ ఒళ్ళోకి లాక్కుని గౌను కప్పేసింది. ఆయన వంక చూసింది. ఎలా చూసిందనుకున్నావు? ఈయన ఏం చేస్తాడో, ఏం లాక్కుంటాడో అన్నట్టు చూసింది. గవరయ్య ఊరందరినీ చూసిన చూపే అది. అది కన్నకూతురి కళ్ళలో కనిపించేసరికి ఆయన తట్టుకోలేకపోయాడు.

"తల్లీ, నాన్నకి తెలుసమ్మా" అన్నాడు మెల్లిగా. "అమ్మ లేవదని నాన్నకి తెలుసు."

"ఎవరు చెప్పారు?"

ఆయన ఆకు కప్పిన పుల్ల వంక చూశాడు.

పైడి కాసేపు ఆలోచించింది. "అయితే ఏడుస్తావా?"

"ఏడుస్తాను."

"సరే, రా" అంది. ఒళ్ళోవి పక్కన పెట్టి, ఆయన తల తన మోకాళ్ళ మీద పెట్టుకుని వీపు తట్టింది. గట్టిగా కాదు, మెత్తగా కాదు, పసిబిడ్డని జోకొట్టినట్టు. "దాలమ్మ దగ్గర పాపాయిలు ఏడిస్తే ఇలాగే చేస్తాం. ఏడుపు ఆగమనకూడదు. పక్కన ఉండాలి, అంతే" అని చెప్పింది.

ఎర్రయ్యమ్మ పోయాక గవరయ్య ఏడవడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున్నే పైడి చెయ్యి పట్టుకుని జీడితోటకి వెళ్ళాడు. అనుమానం అంతా పోయిందా అంటే, ఒక్కరోజులో పోతుందా మరి? దాలమ్మని అడగనే అడిగాడు. "నిజం చెప్పు. ఏడ్చేవాళ్ళని ఓదార్చడం మా పిల్లకి ఎవరు నేర్పారు?"

"ఒక పిల్ల అమ్మయింది బాబూ, ఇంకో పిల్ల పాపాయి అయింది. పాపాయి ఏడుపు ఆపలేదు. అమ్మ అన్నీ చేసి చూసింది. చివరికి ఏదో ఒకటి కుదిరింది" అంది దాలమ్మ. "నేను పుల్లలు ఏరుకుంటున్నాను."

అంతలో పిల్లలు చుట్టూ మూగారు. "నువ్వేం అవుతావు?" అన్నాడు సన్యాసమ్మ కొడుకు.

"నాకు ఆడ్డం రాదురా" అన్నాడు గవరయ్య.

"రాకపోతే నేర్చుకుంటావు" అంది పైడి. చాప పరిచి ఆయన్ని పడుకోబెట్టింది. "నువ్వు చంటిపాపవి. నీకింకా మాటలు రావు. నేను కథ చెబుతాను. నువ్వు ఊఁ కొట్టు."

అంతటి మనిషి ఆ చాప మీద కాళ్ళు ముడుచుకుని పడుకుని, "ఊఁ" అన్నాడు.

నువ్వు ఊఁ కొట్టడం ఎప్పుడు మానేశావు, కన్నా? నిద్రొచ్చిందా?

కథ పోయి కంచి చేరె,
మనం పోయి ఇల్లు చేరె,
ఆట పోయి అరుగు చేరె,
నిద్ర వచ్చి నీ కళ్ళు చేరె.